కరువు భత్యమును, ధరల సూచియును

కరువను మాటకు తెలుగునాట రెండర్థములు గలవు. వానలు కురియక, పైరులెండి, గాదెలు వట్టిపోయిన కాలమును కరువందురు. గాదెలు నిండియుండి, అంగడిలో సరకులు రాసులుగా పోసియుండి, కొనబోయినవాని చేతిలోని రూపాయి చాలకపోయిన కాలమును గూడ సామాన్యజనులు కరువనియే పిలుతురు. మొదటి కరువు ఆకాశమును చూచినవానికి తెలియును. రెండవది సంచి చేతబట్టి సంతకు పోయినవానికే తెలియును. ధరల పెరుగుదలకు పరిహారముగా ఉద్యోగులకు జీతముతోపాటు ఇచ్చు మొత్తమునకు తెలుగువారు ‘కరువు భత్యము’ అని పేరు పెట్టుకొనుటలో ఈ రెండవ అర్థమే ఇమిడియున్నది.

ఈ రెండవ కరువును కొలుచుటకు ఒక కొలబద్ద గలదు. సిమ్లా, చండీగఢ్ నగరములలో కార్యాలయములు గల కేంద్ర కార్మిక బ్యూరో మాసమునకొకసారి ఒక సంఖ్యను ప్రకటించును. పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచి అని దానికి పేరు. పత్రికలో ఒక మూలన రెండు పంక్తులలో అచ్చగు ఆ సంఖ్యను చాలమంది చూడనైన చూడరు. కాని 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వము కరువు భత్యమును పెంచినప్పుడు 49 లక్షలకు పైబడిన ఉద్యోగులకును, సుమారు 68 లక్షల పింఛనుదారులకును ఎంత చేరవలెనో నిర్ణయించినది ఆ సంఖ్యయే.

అది ఎట్లు పుట్టును? ఎవరి కంచమును కొలుచుచున్నది? దాని నీడ సోకనివారి గతి యేమి? ఈ మూడు ప్రశ్నలును అర్థశాస్త్ర పండితులకే సంబంధించినవి కావు. చేతిలో కొన్ని రూపాయలతో ముసలితనమును గడుపవలసిన ప్రతివానికిని ఇవి అన్నము ప్రశ్నలు.

ఐదు పౌనుల చిక్కు

ధరల సూచి పుట్టుకకు వెనుక ఒక విచిత్రమైన ధర్మసందేహము గలదు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఒక కళాశాలలో పదునైదవ శతాబ్దమునాటి నిబంధన యొకటి ఉండెను. స్వంత ఆస్తివలన ఏటికి 5 పౌనులకు మించి రాబడిగలవాడు ఆ కళాశాలలో ఫెలోగా ఉండరాదని ఆ నిబంధన. చేరునప్పుడు ప్రమాణము చేయవలెను. రెండున్నర శతాబ్దములు గడచిన పిమ్మట ఒక విద్యావంతునకు ఈ నియమము సంకటమైనది. అతని రాబడి 5 పౌనులను మించినది. కాని నియమము వ్రాసిననాటి 5 పౌనులును, తన కాలపు 5 పౌనులును ఒకటేనా? అక్షరమును పాటించిన ఫెలోషిప్పు పోవును. అర్థమును పాటించిన నిలుచును.

అనంతరకాలమున బిషప్పైన విలియం ఫ్లీట్‌వుడ్ అను మతాచార్యుడు ఈ సందేహమును తీర్చుటకు పూనుకొని 1707లో ఒక గ్రంథమును ప్రకటించెను. పాతకాలపు లెక్కలను వెదకి, 5 పౌనులతో అప్పుడెంత ధాన్యము, ఎంత మాంసము, ఎంత పానీయము, ఎంత బట్ట వచ్చెడిదో, అవే వస్తువులకు తన కాలమున ఎంత చెల్లింపవలెనో సరిపోల్చిచూచెను. నాటి 5 పౌనులకు తన కాలమున 28 మొదలు 30 పౌనులవరకు సమానమని తేల్చెను. ధనమును ధనముతో పోల్చిన నిజము తెలియదు. ధనమును అది కొనగల వస్తువులతో పోల్చవలెను. నేటి ధరల సూచికలకన్నిటికి ఈ సత్యమే మూలము.

మరి డెబ్బది మూడేండ్లకు ఈ సూత్రము యుద్ధభూమికి చేరెను. అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలమున కాగితపు ద్రవ్యము విలువ కోల్పోగా, జీతములు చాలని సైనికులలో అసంతృప్తి ప్రబలెను. మసాచుసెట్సు రాష్ట్రము 1780లో వారికి ఒక కొత్త విధమైన పత్రములు జారీచేసినది. వాటిపై చెల్లింపవలసిన మొత్తము స్థిరముగా ఉండదు. నిర్ణీత పరిమాణముల మొక్కజొన్న, గొడ్డుమాంసము, గొఱ్ఱె ఉన్ని, చెప్పుల అడుగుతోలు - ఈ నాలుగింటి ధరలెట్లు మారిన ఆ మొత్తము నట్లు మారును. ధరతో ముడివేసిన చెల్లింపునకు చరిత్రలో ఇది తొలి ఉదాహరణలలో నొకటి.

ఈ ఆలోచనకు గణితరూపము నిచ్చిన వారిలో జర్మను ఆర్థికవేత్త ఎటియన్ లాస్పేర్స్ ముఖ్యుడు. ఆధార సంవత్సరమున కుటుంబము ఏయే వస్తువును ఎంతెంత కొన్నదో ఆ పరిమాణములను కదలింపక ఉంచి, ధరలను మాత్రము మార్చి లెక్కగట్టవలెనని 1871లో ఆయన చూపిన పద్ధతి నేటికిని ప్రపంచమంతట స్వల్పభేదములతో వాడుకలోనున్నది.

ఒకే బజారు, రెండు కంచములు

పాఠశాల విద్యార్థి సైతము ఈ పద్ధతిని నల్లబల్లపై చేసిచూడవచ్చును. ఒక కుటుంబము నెలకు 100 రూపాయలు ఖర్చుచేయుననుకొందము. అందులో 40 బియ్యమునకు, 30 పప్పుకూరలకు, 20 ఇంటి అద్దెకు, 10 మందులకు. ఏడాది తిరుగునప్పటికి బియ్యము ధర నూటికి 10 వంతున, పప్పుకూరలు 20 వంతున, అద్దె 5 వంతున, మందులు 50 వంతున పెరిగినవి. అవే సరకులకు ఇప్పుడు 44, 36, 21, 15 - మొత్తము 116 రూపాయలు కావలెను. సూచి 100 నుండి 116కు పెరిగినదన్నమాట.

అదే వీధిలో ఒక వృద్ధ దంపతుల జంట గలదు. వారి 100 రూపాయలలో 25 బియ్యమునకు, 20 పప్పుకూరలకు, 15 అద్దెకు, 40 మందులకు పోవును. బజారొక్కటే, ధరలును అవియే. వారికి కావలసిన మొత్తము 27.50, 24, 15.75, 60 - అనగా 127 రూపాయల 25 పైసలు. పింఛనును మొదటి కుటుంబపు సూచి ప్రకారము నూటికి 16 పెంచి, ‘ధరలకు సరిపడ ఇచ్చితిమి’ అని ప్రభుత్వమనిన, ఆ మాట అబద్ధము కాదు. అయినను ఆ దంపతులకు ప్రతి 100కు 11 రూపాయల పైచిలుకు తక్కువపడును. ఆ లోటును వారు మాత్రలు సగముచేసి మ్రింగియో, రాత్రి భోజనము మానియో పూడ్చుకొందురు. ఏ లెక్కలోను అది కనబడదు.

ఈ చిన్న లెక్కలో సూచీ శాస్త్రపు వివాదములన్నియు ఇమిడియున్నవి. ధరలను సేకరించుట కష్టసాధ్యమే గాని వివాదాస్పదము కాదు. ఎవరి ఖర్చును ప్రమాణముగా గ్రహింపవలెను, ఏ వస్తువునకు ఎంత భారము నీయవలెను అనునవే అసలు ప్రశ్నలు.

మన దేశపు కొలబద్ద

భారతదేశమున ఈ కథ రెండవ ప్రపంచయుద్ధముతో ఆరంభమైనది. యుద్ధమువలన ధరలు పెరుగగా గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే కార్మికులు భత్యము కోరిరి. ఆ సమస్యను పరిశీలించుటకు 1940లో బెనెగళ్ నరసింగరావు అధ్యక్షతన విచారణ న్యాయస్థానము ఏర్పడెను. తరువాతి కాలమున రాజ్యాంగ పరిషత్తునకు సలహాదారుగా పనిచేసిన మేధావి ఆయనయే. ధరల పెరుగుదలకు తగిన పరిహార మీయవలెనన్న ముందుగా ఆ పెరుగుదలను నమ్మదగిన రీతిలో కొలువవలెనని ఆ విచారణతో స్పష్టమైనది. తత్ఫలితముగా 1941లో జీవనవ్యయ సూచికల కొరకొక డైరెక్టరేటు సిమ్లాలో వెలసినది. 1946 అక్టోబరు 1న అది కార్మిక బ్యూరోగా రూపొందినది.

బ్యూరో కట్టిన సూచికి ఆధార సంవత్సరములు 1960, 1982, 2001, 2016గా మారుచు వచ్చినవి. 2016 ఆధారముగా గల నేటి సూచికై దేశమున 88 పారిశ్రామిక కేంద్రములలోని 317 బజారులనుండి చిల్లర ధరలను సేకరింతురు. గుంటూరు, విశాఖపట్నము, హైదరాబాదు, వరంగల్లు అట్టి కేంద్రములలోనివే.

ఈ సూచిలో ఆహారమునకిచ్చిన భారము క్రమముగా తగ్గినది. 1982 శ్రేణిలో ఆహారమునకు నూటికి 57 పాళ్లు. 2001 శ్రేణిలో 46.20, 2016 శ్రేణిలో 39.17. రాబడి పెరిగినకొలది అందులో తిండికి పోవు పాలు తగ్గునని ఎర్నెస్టు ఎంగెల్ అను జర్మను గణాంకవేత్త 1857లోనే చూపెను. కర్మాగార కార్మికుని కుటుంబము వెనుకటి తరముకంటె కొంత బాగుపడినదనుటకు ఈ అంకెలు నిదర్శనములు. కాని అంత బాగుపడనివారికి ఇవే అంకెలు చిక్కు తెచ్చును. బియ్యము, పప్పు ధరలు మండిపోవునాడు, తన రాబడిలో మూడింట రెండు పాళ్లు తిండికే పెట్టు నిరుపేదకు కలిగిన బాధలో కొంతయే ఈ సూచిలో కనబడును.

పరిహారమును పంచు పద్ధతియు ఒక్క తీరుగా లేకుండెను. నాల్గవ వేతన సంఘము సిఫారసుననుసరించి నెలకు 3500 రూపాయలలోపు జీతముగలవారికి ధరల పెరుగుదలకు నూటికి నూరు పాళ్లు పరిహారము; 6000 వరకు 75 పాళ్లు; ఆపైవారికి 65 పాళ్లు మాత్రమే. ఎక్కువ జీతగాండ్రు కొంత బరువు తామే మోయవలెనని దాని భావము. ఐదవ వేతన సంఘము ఈ భేదమును తొలగించి, అందరికిని పూర్తి పరిహారమును సిఫారసు చేసినది.

టమాటా ధర పింఛను పుస్తకమునకు చేరుట

ఏడవ వేతన సంఘము తరువాత అమలైన సూత్రము సరళమైనది. 2001 ఆధారముగా 2015వ సంవత్సరపు సూచికల సగటు 261.42. తాజా పండ్రెండు మాసముల సగటు ఆ సంఖ్యను ఎంత శాతము మించినదో అంత శాతము మూల పింఛనుపై కరువు సహాయము. 2016 ఆధారముగా గల కొత్త సూచిని పాతదానితో కలుపుటకు 2.88తో హెచ్చింతురు. ఏటికి రెండుసార్లు, జనవరి 1న, జూలై 1న ఈ లెక్క తిరుగవేయుదురు.

2023వ సంవత్సరమునే ఉదాహరణగా తీసికొనవచ్చును. ఆ ఏట జూన్ సూచి 136.4, జూలై సూచి 139.7. ఒక్క మాసములో 3.3 అంకెల పెరుగుదల. ఆ మాసము తెలుగు గృహిణులు మరచునది కాదు. మదనపల్లె మార్కెట్టులో టమాటా ధర ఎన్నడు లేనంతగా పెరిగి, పేదయింటి పులుసులో చింతపండే దిక్కైన మాసమది. ఆ మంట సూచిలోనికి ఎక్కినది. జనవరి మొదలు డిసెంబరు వరకు పండ్రెండు మాసముల సగటు 136.4. దానిని 2.88తో హెచ్చించిన 392.8 వచ్చును. 261.42 కంటె ఇది 50.27 శాతము అధికము. భిన్నమును విడిచి 50 శాతముగా నిర్ణయించిరి. 2024 జనవరి 1 నుండి వర్తించునట్లు మార్చిలో ఉత్తర్వు వెలువడినది.

ఈ లెక్కలో రెండు విషయములు గమనింపదగినవి. మొదటిది ఆలస్యము. జూలైలో టమాటా కొన్నవాడు జూలైలోనే డబ్బు చెల్లించెను. దాని పరిహారము ఎనిమిది మాసముల తరువాత, బకాయిలతో కూడి అతని ఖాతాకు చేరినది. చేతిలో నిలువ సొమ్ము గలవానికి ఇది అసౌకర్యము మాత్రమే, లేనివానికి అప్పు. రెండవది సగటు. ఒక మాసపు మంటను పండ్రెండు మాసములు పంచుకొనును గావున, అది చల్లారిన తరువాతనే దాని జాడ పింఛనులో కనబడును.

సూచి తనంతట తాను ఏమియు ఇయ్యజాలదు. కరోనా మహమ్మారి కాలమున 2020 జనవరి, జూలై, 2021 జనవరి వాయిదాలు మూడింటిని కేంద్ర ప్రభుత్వము నిలిపివేసినది. ధరలు పెరుగుచునే యున్నవి, సూచి వెలువడుచునే యున్నది; కరువు సహాయము మాత్రము 17 శాతము వద్దనే ఆగినది. 2021 జూలై నుండి దానిని ఒక్కసారిగా 28 శాతమునకు పెంచిరి. నడుమ గడచిన పదునెనిమిది మాసములకు బకాయిలు చెల్లింపలేదు. కొలబద్ద సరిగా ఉన్నంత మాత్రమున కొలిచిచ్చు చేయి కదలవలెనను నియమము లేదు.

భిక్షయా, హక్కా?

పింఛను ప్రభుత్వము దయదలచి యిచ్చు బహుమానమా, చేసిన సేవకు ఫలముగా లభించిన హక్కా అను ప్రశ్నకు సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న సమాధానము చెప్పినది. నకారా అను విశ్రాంత ఉద్యోగి తెచ్చిన వ్యాజ్యములో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనము తీర్పునిచ్చినది. అందు తెలుగువాడైన ఓ. చిన్నపరెడ్డి ఒకరు. పింఛను యజమాని ఇచ్ఛపై ఆధారపడిన దానము కాదనియు, ఉద్యోగి వెనుకటి సేవకు చెల్లింపనియు, సత్తువ ఉడిగిన కాలమున గౌరవముగా బ్రతుకుటకు సామాజిక న్యాయమనియు ఆ తీర్పు సారాంశము. నేటికిని డిసెంబరు 17ను పింఛనుదారులు తమ దినముగా జరుపుకొనుచున్నారు.

హక్కని ఒప్పుకొన్న పిమ్మట దాని విలువ కరగిపోకుండ కాపాడుట గూడ ఆ హక్కులో భాగమే కావలెను. సంఖ్య మారక, విలువ మాత్రము తగ్గిన పింఛను మంచుగడ్డ వంటిది. ఇచ్చినప్పుడు చేయి నిండియుండును, ఇంటికి చేరునప్పటికి తడియే మిగులును. అందుచేతనే కొత్త పింఛను పద్ధతిపై ఉపాధ్యాయులలో అంత ఆందోళన కలిగినది. కేంద్రములో 2004 జనవరి 1 తరువాతను, ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2004 సెప్టెంబరు 1 తరువాతను ఉద్యోగములో చేరినవారికి చందాలపై ఆధారపడిన పద్ధతి వర్తించినది. అందు కూడబెట్టిన నిధిలో కొంత చేతికి వచ్చును. తక్కిన దానితో కొను వార్షికపు చెల్లింపునకు ధరల సూచితో ముడి లేదు. కేంద్రము 2025 ఏప్రిల్ 1 నుండి ప్రవేశపెట్టిన ఏకీకృత పింఛను పద్ధతిలో ఆ ముడి మరల వేయబడినది. ఇరువదియైదేండ్ల సేవ గలవారికి చివరి పండ్రెండు మాసముల సగటు మూలవేతనములో సగము, దానిపై సూచి ననుసరించి కరువు సహాయము. ఇన్నేండ్ల వాదములో ఉద్యోగులు కోరినది పెద్ద మొత్తమును మాత్రమే కాదు; కరగని మొత్తమును.

సూచి నీడ సోకనివారు

ఉద్యోగ పింఛనుదారులు వృద్ధులలో కొలదిమంది. తక్కినవారి సంగతి వేరు.

ప్రైవేటు సంస్థలలో పనిచేసినవారికై 1995 నవంబరు 16న ఉద్యోగుల పింఛను పథకము ఏర్పడినది. 2014 సెప్టెంబరు 1 నుండి అందులో కనీస పింఛను నెలకు 1000 రూపాయలుగా నిర్ణయించిరి. దానికి ధరల సూచితో సంబంధము లేదు. ఆ మాసమున పారిశ్రామిక కార్మికుల సూచి, 2001 ఆధారముగా, 253. 2023 డిసెంబరు నాటికి అదే సూచి సుమారు 400. అనగా 2014 నాటి 1000 రూపాయల విలువ నిలుపుటకు 1580 రూపాయలు కావలసియుండెను. అప్పటికిని కనీస పింఛను 1000గానే ఉన్నది. అది కొనగలిగినది 2014 నాటి 633 రూపాయల సరకు మాత్రమే. ఎవరును దానిని తగ్గించుచు ఉత్తర్వు వ్రాయలేదు. వ్రాయకయే అది మూడవ వంతునకు పైగా తగ్గినది.

నిరుపేద వృద్ధులకై జాతీయ సామాజిక సహాయ కార్యక్రమమును 1995 ఆగస్టు 15న ప్రారంభించిన ప్రభుత్వమునకు తెలుగువాడైన పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండెను. నెలకు 75 రూపాయలతో మొదలైన కేంద్ర సహాయము తరువాత 200 అయినది. 2011లో అర్హత వయస్సును 65 నుండి 60కి దించి, 80 ఏండ్లు దాటినవారికి 500గా చేసిరి. కాని అరువది మొదలు డెబ్బదితొమ్మిది ఏండ్ల వారికి కేంద్రము వంతు 2023 నాటికిని 200గానే నిలిచినది. 2007వ సంవత్సరపు సగటు సూచి సుమారు 131. ఆ లెక్కన 2007 నాటి 200 రూపాయలకు 2023 డిసెంబరులో సుమారు 610 రూపాయలు సమానము.

ఈ లోటును రాష్ట్రములు తమ తమ శక్తికొలది పూడ్చినవి. ఉమ్మడి రాష్ట్రము విడిపోవునాటికి వృద్ధాప్య పింఛను 200 రూపాయలు. 2014లోనే రెండు తెలుగు రాష్ట్రములును దానిని 1000కి పెంచినవి. ఆంధ్రప్రదేశములో అది 2019లో 2000కును, ఆ తరువాత 2250కిని, 2024 జనవరిలో 3000కును, అదే ఏట జూలైలో 4000కును చేరినది. తెలంగాణములో 2019లో 2016 రూపాయలైనది. ఆ అంకె చివరనున్న పదహారు తెలుగువారికి కొత్త కాదు. పెండ్లిలో చదివింపులకు, పండితునకు సంభావనకు నూటపదహారు లిచ్చుట ఆచారము. సున్నతో ముగియు అంకె శుభము కాదను భావమున మరి పదహారు చేర్తురు. అట్లు ఒక ప్రభుత్వపు చెల్లింపు సంభావన వేషమును ధరించినది.

ఆ పదహార్లలో ఆదరము గలదు. కాని సంభావనకు ఒక స్వభావము గలదు. ఇచ్చినవాడు ఇచ్చినప్పుడు ఇచ్చినంత. మరల ఎప్పుడు, ఎంత పెరుగునో తెలియదు. సూచితో ముడిపడిన పింఛను వాలుదారి వంటిది, మెల్లగా ఎక్కుచుండును. ముడిపడని పింఛను మెట్లదారి. ఒక మెట్టునుండి మరొక మెట్టునకు ఒక్క అంగ, నడుమ పొడవైన నిలుపు. ఆంధ్రప్రదేశపు 1000 రూపాయలు సూచి ప్రకారమైన 2023 చివరకు 1580 దగ్గర ఉండవలసినవి. నిజముగా 2750 ఉండెను. అనగా మెట్లదారి వాలుదారిని మించినది. తెలంగాణపు 2016 రూపాయల విలువ నిలుపుటకు అదే కాలమున 2550 కావలెను. అప్పటికి పింఛను 2016గానే ఉండెను. అనగా ఇచట నిలుపు దీర్ఘమైనది. మెట్టు ఎత్తుగా ఉన్నచో ఎక్కినవాడు సంతోషించును. కాని డెబ్బది ఏండ్ల వయస్సున నిలుపు ఎంతకాలమో తెలియకుండ నిలుచుట ఎవరికి సాధ్యము?

పాత తట్టతో కొత్త సరకులు

సూచితో ముడివేసిన మాత్రాన న్యాయము జరిగెననుటకును వీలులేదు. గ్రామీణ ఉపాధి హామీ చట్టము క్రింద ఇచ్చు కూలిని 2011 నుండి వ్యవసాయ కార్మికుల వినియోగ ధరల సూచితో ముడివేసి ఏటేట సవరింపసాగిరి. ఆ సూచికి ఆధార సంవత్సరము 1986-87. అందలి సరకుల భారములు 1983లో జరిపిన కుటుంబ వ్యయ పరిశీలననుండి గ్రహించినవి. 1983లో వ్యవసాయ కూలీ ఖర్చులో మూడింట రెండు పాళ్లకు మించి తిండికే పోయెడిది. ఆ తరువాత నాలుగు దశాబ్దములలో అతని పిల్లలు బడికి పోయిరి. పట్టణమునకు బస్సు ప్రయాణములు పెరిగినవి. ఆసుపత్రి ఖర్చు పెరిగినది. చేతికి ఫోను వచ్చినది. సూచి మాత్రము పాత తట్టనే తూచుచుండెను. తిండి ధరలు నెమ్మదిగా ఉన్న సంవత్సరమున కూలి పెరుగుదల స్వల్పమై, ఫీజులు, మందులు పెరిగిన భారము లెక్కలోనికి రాకపోయెడిది. ఈ కూలి సమస్యను పరిశీలించిన సంఘమునకు అధ్యక్షుడు ఎస్. మహేంద్ర దేవ్. రాష్ట్రములోని కనీస వేతనమో, ఉపాధి పథకపు కూలియో, ఏది ఎక్కువైన దానిని ప్రాతిపదికగా గ్రహింపవలెనని ఆ సంఘము సూచించినది. చివరకు 2025లో కార్మిక బ్యూరో 2019 ఆధారముగా కొత్త శ్రేణిని వెలువరించినది.

విదేశముల అనుభవమును ఇట్టిదే. అమెరికాలో 1940 జనవరిలో తొలి నెలవారీ సామాజిక భద్రతా చెక్కు నందుకొన్న ఐడా మే ఫుల్లర్‌కు వచ్చినది 22 డాలర్ల 54 సెంట్లు. యుద్ధము వచ్చిపోయినది, ధరలు పెరిగినవి. ఆమె చెక్కు మాత్రము పదేండ్లు అంతే. 1950లో చట్టసభ ప్రత్యేకముగా చట్టము చేసిన పిమ్మట అది 41 డాలర్ల 30 సెంట్లైనది. చట్టసభ దయకు ఎదురుచూడనక్కర లేకుండ ధరలతోపాటు తానే పెరుగు ఏర్పాటు 1972లో చట్టమై, 1975నుండి అమలైనది. 1996లో బాస్కిన్ సంఘము ఆ సూచి ధరల పెరుగుదలను ఏటికి సుమారు 1.1 శాతము ఎక్కువగా చూపుచున్నదని అభిప్రాయపడగా, దాని వెంటనే పింఛనులు తగ్గునేమో యను కలవరము బయలుదేరినది. మరియొక వైపు, 1987నాటి చట్టము నాదేశముగా గ్రహించి, అక్కడి కార్మిక గణాంక శాఖ వృద్ధుల ఖర్చు ప్రాతిపదికగా ప్రత్యేక సూచిని ప్రయోగాత్మకముగా కట్టినది. అందు వైద్యమునకు భారము అధికము.

బ్రిటనులో మరియొక పాఠము. 1980లో అక్కడ ప్రభుత్వ పింఛనును జీతముల పెరుగుదలతో గల ముడినుండి విడదీసి, ధరలతో మాత్రమే ముడివేసిరి. పనివారి జీతములు ధరలను మించి పెరుగగా, వృద్ధులు దేశపు సంపదలో క్రమముగా వెనుకబడిరి. 1999 సెప్టెంబరులో ధరల పెరుగుదల 1.1 శాతము మాత్రమే కావున, 2000 ఏప్రిల్‌లో ఒంటరి పింఛనుదారునకు వారమునకు 75 పెన్నీలు పెంచిరి. లెక్క సరిగానే ఉన్నది. వృద్ధులు దానిని అవమానముగా భావించిరి. ధరలతో ముడివేసిన పింఛను నిన్నటి బ్రతుకును కాపాడగలదు. రేపటి సంపదలో పాలు పంచజాలదు.

తరగతి గదిలో ఒక సూచి

ఇన్ని లోపములున్నను సూచిని విడనాడుట పరిష్కారము కాదు. కొలబద్ద లేనిచోట బిగ్గరగా అడుగగలవానికే దక్కును. ముసలివాని కంఠము బిగ్గరగా పలుకదు. కావలసినది సూచిని త్యజించుట కాదు, దానిని సరిచేయుట. వృద్ధుల ఖర్చును వేరుగా పరిశీలించి వారికై ఒక సూచి కట్టవచ్చును. సరకుల భారములను నలువది ఏండ్లకు గాక పదేండ్లకు లోపుగనే సవరింపవచ్చును. నిరుపేదల పింఛనులకు కనీసము ధరలతోనైన ముడి వేయవచ్చును. ఆపై ప్రభుత్వములు తమ ఔదార్యమును చూపినచో వలదను వారెవరు? మెట్లును ఉండవచ్చును, వాలును ఉండవచ్చును.

ఈ విషయమును గ్రహించుటకు పెద్ద గ్రంథములు అక్కరలేదు. ఉన్నత పాఠశాలలోని ఒక తరగతి తమ ఊరి సూచిని తామే కట్టవచ్చును. పదిమంది విద్యార్థులు తమ ఇంటిలోని అవ్వనో, తాతనో అడిగి నెలకు బియ్యమునకెంత, పాలకెంత, మందులకెంత, బస్సుకెంత ఖర్చగుచున్నదో వ్రాసికొనవలెను. ప్రతి మాసము మొదటి ఆదివారమున అవే దుకాణములలో అవే సరకుల ధరలను అడిగి పట్టిక నింపవలెను. శాతములు, సగటులు, భారములు - లెక్కల ఉపాధ్యాయుడు ఏడాదంతయు చెప్పు పాఠములన్నియు ఆ పట్టికలోనే కలవు. సంవత్సరాంతమున తమ సూచిని కార్మిక బ్యూరో సూచితో పోల్చిచూచినచో, రెండింటి నడుమ ఎంత తేడా గలదో, ఆ తేడాను ఎవరు భరించుచున్నారో పిల్లలకు తెలియును. పత్రిక మూలన రెండు పంక్తులలో అచ్చైన సంఖ్యను ఆపై వారు చదువక విడువరు. అది తమ తాత మందుల సీసాను గురించినదని వారికి అప్పటికే తెలిసియుండును.